పదేళ్ల సగటు లాభంతో షేరు విలువ కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్దానంలో జీడితోట కొనేవాళ్లు ఈ ఏడాది ఎకరానికి ఎన్ని బస్తాల పిక్కలు దిగాయో అడిగి అక్కడితో ఆగిపోరు. కిందటేడు ఎంత, అంతకు ముందు ఎంత, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఎన్ని చెట్లు పోయాయి, మళ్లీ నాటినవి ఎప్పటి నుంచి కాపుకొచ్చాయి అని తవ్వి తవ్వి అడుగుతారు. అదే మనుషులు షేరు కొనేటప్పుడు మాత్రం ఒక్క ఏడాది లాభం చూసి చౌక, ఖరీదు అని తేల్చేస్తుంటారు. తోటకు వాడే తెలివినే షేరుకూ వాడే పద్ధతి ఇది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంతంగా లెక్కలు వేసుకుని షేర్లు కొనేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

ఈ పద్ధతి ఏమిటి? మామూలు పీఈకి, దీనికి తేడా ఎక్కడ?

మామూలు పీఈ అంటే నేటి షేరు ధరను గడిచిన ఒక్క ఏడాది ఈపీఎస్‌తో, అంటే ఒక్కో షేరుకు వచ్చిన లాభంతో భాగించడం. ఈ పద్ధతిలో పదేళ్ల ఈపీఎస్‌లు తీసుకుంటాం. ఒక్కోదాన్నీ ధరల పెరుగుదల ప్రకారం నేటి రూపాయల్లోకి మారుస్తాం. వాటి సగటుతో నేటి ధరను భాగిస్తాం. వచ్చిన అంకెను కేప్ అనో, షిల్లర్ పీఈ అనో పిలుస్తారు.

రెండు పనులూ చేయాల్సిందే. సగటు మంచి ఏడాదినీ చెడ్డ ఏడాదినీ సమం చేస్తుంది. కానీ 2015లో సంపాదించిన రూపాయికీ నేటి రూపాయికీ కొనే శక్తి ఒకటి కాదు కదా! సవరించకుండా సగటు తీస్తే పాత లాభాలన్నీ ఉన్నదానికన్నా చిన్నవిగా కనబడి, షేరు అసలుకన్నా ఖరీదుగా తేలుతుంది.

ఇది ఎవరు మొదలుపెట్టారు? పదేళ్లే ఎందుకు?

అమెరికాలో బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ 1934లోనే ఒక్క ఏడాది లాభాన్ని నమ్మొద్దని, కనీసం ఐదేళ్లు, వీలైతే ఏడు, పదేళ్ల సగటు చూడమని రాశారు. 1988లో జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ దానికి ధరల సవరణ జోడించి మొత్తం మార్కెట్టుకు లెక్క కట్టారు. షిల్లర్‌కు 2013లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

పదేళ్లలో సాధారణంగా వ్యాపారానికి ఒక ఎత్తు, ఒక పల్లం రెండూ వచ్చి పోతాయి. అందుకే ఆ గడువు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. షిల్లర్ దీన్ని మార్కెట్ సూచీ కోసం, అంటే ఎన్నో కంపెనీల షేర్లు కలిపి కట్టే అంకె కోసం కట్టారు, విడి కంపెనీ కోసం కాదు. సూచీలో బలహీనపడ్డ కంపెనీని తీసేసి ఇంకోదాన్ని పెడతారు. మీరు కొన్న కంపెనీకి ఆ సౌకర్యం లేదు. అందుకే విడి షేరుకు వాడేటప్పుడు పదేళ్ల అంకెలను శుభ్రం చేయడమే అసలు పని. చివరి భాగహారానికి నిమిషం చాలు.

ఏ రకం కంపెనీలకు ఇది బాగా పనికొస్తుంది?

లాభం ఏటేటా ఊగిసలాడే వాటికి: ఉక్కు, సిమెంటు, చక్కెర, జనపనార, లోహాలు. మన దగ్గరి ఉదాహరణ ఫెర్రో అల్లాయ్స్, అంటే ఉక్కు తయారీలో కలిపే ఇనుప మిశ్రమాలు. గరివిడి, బొబ్బిలి వైపు ఈ ఫర్నేసులు చూసినవాళ్లకు తెలుసు, అందులో కరెంటు కూడా ముడిసరుకు లాంటిదే. టన్ను సిలికో మాంగనీస్‌కు దాదాపు 4,000 యూనిట్లు కాలుతుంది. యూనిట్ ధర ఒక్క రూపాయి పెరిగితే టన్నుకు 4,000 రూపాయల ఖర్చు పెరిగినట్టే. అదే సమయంలో సరుకు ధర పడిపోతే నిరుటి లాభం ఈ ఏడు నష్టం అవుతుంది. ఇలాంటి వ్యాపారానికి ఒక్క ఏడాది పీఈ కట్టడమంటే తుపాను ఏడాది కాపు చూసి తోటకు ధర చెప్పడమే.

పెద్ద కంపెనీలూ ఇందుకు మినహాయింపు కాదు. టాటా స్టీల్‌కు 2021-22లో దాదాపు 41,700 కోట్ల లాభం వస్తే, 2023-24లో దాదాపు 4,900 కోట్ల నష్టం వచ్చింది. ఈ రెండేళ్లలో ఏ ఒక్కటి చూసినా కంపెనీ సత్తా తెలియదు.

లెక్క అంకెలతో చూపించండి.

ఒక ఊహా ఫెర్రో అల్లాయ్స్ కంపెనీ అనుకుందాం. షేరు ధర 280 రూపాయలు. ఎక్సెల్‌లో నాలుగు నిలువు వరుసలు పెట్టండి: ఆర్థిక సంవత్సరం, ఈపీఎస్, ఆ ఏడాది సగటు వినియోగదారుల ధరల సూచీ (2012 మూలం, అంటే 2012 ధరలను 100గా తీసుకున్నది), నేటి విలువ. నాలుగో వరుసకు సూత్రం ఒక్కటే: ఈపీఎస్‌ను తాజా సూచీతో గుణించి, ఆ ఏటి సూచీతో భాగించాలి. ఇక్కడ తాజా సూచీ 2024-25 సగటు, 192.6.

2015-16: ఈపీఎస్ 2, సూచీ 124.7, నేటి విలువ 3.09
2016-17: ఈపీఎస్ 9, సూచీ 130.3, నేటి విలువ 13.30
2017-18: ఈపీఎస్ 14, సూచీ 135.0, నేటి విలువ 19.97
2018-19: ఈపీఎస్ 12, సూచీ 139.6, నేటి విలువ 16.56
2019-20: ఈపీఎస్ 5, సూచీ 146.3, నేటి విలువ 6.58
2020-21: ఈపీఎస్ 11, సూచీ 155.3, నేటి విలువ 13.64
2021-22: ఈపీఎస్ 38, సూచీ 163.8, నేటి విలువ 44.68
2022-23: ఈపీఎస్ 24, సూచీ 174.7, నేటి విలువ 26.46
2023-24: ఈపీఎస్ 8, సూచీ 184.1, నేటి విలువ 8.37
2024-25: ఈపీఎస్ 10, సూచీ 192.6, నేటి విలువ 10.00

నాలుగో వరుస మొత్తం 162.65, సగటు 16.27. ధర 280ని దీంతో భాగిస్తే 17.2. అదే కేప్. మామూలు పీఈ అయితే 280 బై 10, అంటే 28. సవరించకుండా సగటు తీసి ఉంటే 13.3 వచ్చేది, నిష్పత్తి 21 దాటేది. మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే సవరణ ఎంత తేడా తెస్తుందో తెలిసిపోతుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 2021-22 చివర ఇదే షేరు 456 రూపాయలు అనుకోండి. ఈపీఎస్ 38 కాబట్టి పీఈ 12. చాలా చౌక అనిపించి ఎగబడి కొనే అంకె అది. అప్పటికి చేతిలో ఉన్న ఏడేళ్ల లాభాలను అప్పటి రూపాయల్లోకి మార్చి సగటు తీస్తే 14.3 వస్తుంది. ఆ లెక్కన నిష్పత్తి దాదాపు 32. శిఖరం మీద ఉన్న లాభం పీఈని చిన్నదిగా చూపిస్తుంది, సరిగ్గా ఎక్కువమంది మోసపోయేది అక్కడే.

ఏ ధరల సూచీ వాడాలి?

కేంద్ర గణాంక శాఖ ప్రతి నెలా 12న విడుదల చేసే వినియోగదారుల ధరల సూచీ, పల్లె పట్నం కలిపినది. 2012 మూలంగా ఉన్న వరుస 2011 జనవరి నుంచి దొరుకుతుంది. అంతకు ముందు ఏళ్లు కావాలంటే లేబర్ బ్యూరో ఇచ్చే పారిశ్రామిక కార్మికుల సూచీ తీసుకోండి. దీనికి 2016 మూలంగా కొత్త వరుస వచ్చింది. కొత్త అంకెను 2.88తో గుణిస్తే 2001 మూలం అంకె అవుతుంది. ఆ గుణకం మరిచిపోయి రెండు వరుసల అంకెలు కలిపేస్తే, ధరలు ఒక్కసారిగా మూడో వంతుకు పడిపోయినట్టు వచ్చి లెక్కంతా తలకిందులవుతుంది. ఏ సూచీకైనా మూల సంవత్సరం మారినప్పుడు ముందు లింకింగ్ ఫ్యాక్టర్, అంటే ఇలాంటి గుణకం, వెతకండి.

మార్చి నెల సూచీ ఒక్కటే కాకుండా, ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు నెలల సగటు వాడండి. లాభం ఏడాది పొడుగునా వచ్చింది కాబట్టి సూచీ కూడా ఏడాది పొడుగునా ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిసి చాలా నెలలు అయ్యాక లెక్క వేస్తుంటే, తాజా సూచీగా లెక్క వేసే నాటికి వచ్చిన చివరి నెలది పెట్టండి.

ఆదాయపు పన్ను వాళ్ల కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్ వాడొచ్చా?

వద్దు. ఇళ్ల స్థలాల అమ్మకం లెక్కలకు అలవాటుపడి చాలామంది దాన్నే తెచ్చి పెడతారు. అది పట్టణ వినియోగదారుల సూచీ పెరుగుదలలో 75 శాతం లెక్కన నిర్ణయిస్తారు. 2015-16లో 254, 2024-25లో 363, అంటే 1.43 రెట్లు. వినియోగదారుల సూచీ అదే కాలంలో 1.54 రెట్లు అయింది. పాత లాభాలు ఆ మేరకు తగ్గిపోతాయి.

పదేళ్ల ఈపీఎస్ ఎక్కడ దొరుకుతుంది? అందులో ఏ తప్పులు దొర్లుతాయి?

కంపెనీ వార్షిక నివేదికలు కంపెనీ సైటులోనూ, బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలోనూ ఉంటాయి. స్క్రీనర్ లాంటి వెబ్‌సైట్లలో పదేళ్లవి ఒకే పేజీలో కనబడతాయి. అయినా కనీసం మూడు ఏళ్ల అంకెలు నివేదికతో సరిచూసుకోండి. కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపిన) పేజీలోని డైల్యూటెడ్ ఈపీఎస్, అంటే ముందుముందు ఇవ్వాల్సి రాగల షేర్లను కూడా లెక్కలోకి తీసుకున్నది, తీసుకోవాలి. స్టాండలోన్‌లో, అంటే ఆ ఒక్క కంపెనీ లెక్కల్లో, అనుబంధ కంపెనీల లాభనష్టాలు కలవవు. కొన్నేళ్లు ఒకటి, కొన్నేళ్లు ఇంకోటి కలపడం అన్నిటికన్నా చెడ్డ పని. నిఫ్టీ పీఈ విషయంలోనే ఈ మార్పు జరిగింది: 2021 ఏప్రిల్ నుంచి ఎన్ఎస్ఈ దాన్ని కన్సాలిడేటెడ్ లాభాలతో కడుతోంది. అంతకు ముందు అంకెలతో ఇప్పటివి నేరుగా పోల్చకూడదు.

ఎక్కువగా దొర్లే తప్పు బోనస్ (ఉన్న షేర్లకు ఉచితంగా కొత్తవి ఇవ్వడం), స్ప్లిట్ (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం) దగ్గర. చార్టుల్లో పాత ధరలు వాటంతటవే సర్దుబాటై కనబడతాయి. పాత నివేదిక పీడీఎఫ్‌లో ఈపీఎస్ మాత్రం ఆనాడు అచ్చయినట్టే ఉంటుంది. టాటా స్టీల్ 2022 జులైలో 10 రూపాయల ముఖ విలువ షేరును ఒక్క రూపాయి షేర్లు పదిగా విడగొట్టింది. అంతకు ముందు ఏళ్ల ఈపీఎస్‌లన్నీ పదితో భాగించాల్సిందే. 1:1 బోనస్ అయితే రెండుతో భాగించాలి. 1:2 బోనస్ అంటే రెండు షేర్లకు ఒకటి, కాబట్టి ఒకటిన్నరతో.

కొత్త షేర్లు డబ్బులకు అమ్మి మూలధనం పెంచుకుంటే పాత ఈపీఎస్‌ను అలాగే ఉంచండి. అప్పటి లాభం అప్పటి చిన్న మూలధనం మీద వచ్చింది. దాన్ని నేటి షేర్ల సంఖ్యతో భాగిస్తే అన్యాయంగా తగ్గుతుంది. రైట్స్ ఇష్యూ, అంటే ఉన్న వాటాదార్లకే కొత్త షేర్లు అమ్మడం, మార్కెట్ ధరకన్నా బాగా తక్కువకు చేస్తే అందులో కొంత బోనస్ దాగి ఉంటుంది. కంపెనీ తర్వాతి నివేదికలో కిందటేడు ఈపీఎస్‌ను సవరించి చూపిస్తుంది, ఆ నిష్పత్తినే పాత ఏళ్లన్నిటికీ వాడండి.

నష్టం వచ్చిన ఏడాదిని వదిలేయవచ్చా?

వదలకూడదు, సున్నా కూడా పెట్టకూడదు. మైనస్ అంకెను మైనస్‌గానే రాయాలి. తుపాను ఏడాదిని చెరిపేసి తోట దిగుబడి చెప్పేవాణ్ని ఎవరూ నమ్మరు.

భూమి అమ్మకం, తుపాను నష్టం లాంటి ‘అసాధారణ అంశాల’ను ఏం చేయాలి?

ఇక్కడ మీ విచక్షణ కావాలి. కంపెనీ రోడ్డు పక్క స్థలం అమ్మితే వచ్చిన లాభం తీసేయండి. ఆ స్థలం మళ్లీ అమ్మలేరు. తీసేటప్పుడు దాని మీద కట్టిన పన్ను కూడా తీయాలి, లేకపోతే సగమే శుభ్రం చేసినట్టు.

నష్టాల విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. పదేళ్లలో మూడు నాలుగు సార్లు ‘అసాధారణ నష్టం’ రాసిన కంపెనీకి అది మామూలు ఖర్చే. మన తీరంలో 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చాయి. ఇక్కడ షెడ్లు, గోడౌన్లు ఉన్న కంపెనీకి తుపాను నష్టం వ్యాపారంలో భాగమే. అలాగే ఉంచండి. బీమా పరిహారం చాలాసార్లు మరుసటి ఏడాది ఆదాయంలో పడుతుంది. నష్టం ఉంచి పరిహారం తీసేస్తే, లేదా పరిహారం ఉంచి నష్టం తీసేస్తే లెక్క తప్పుతుంది. రెండూ ఉంచితే సగటే సర్దేస్తుంది.

పన్ను రేటు, అకౌంటింగ్ నిబంధనలు మారాయి కదా, పాత ఏళ్లతో పోల్చవచ్చా?

పన్నును సవరించి పోల్చాలి. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 22 శాతానికి తగ్గింది. సర్‌ఛార్జీ, సెస్సు కలిపితే దాదాపు 25.17 శాతం. అంతకు ముందు పెద్ద కంపెనీలకు 35 శాతం దగ్గర ఉండేది. పన్నుకు ముందు 100 రూపాయల లాభం ఉంటే అప్పట్లో 65 మిగిలేది, ఇప్పుడు 75 మిగులుతుంది. పూర్తి పన్ను కట్టి, తర్వాత కొత్త రేటుకు మారిన కంపెనీకి పాత ఏళ్ల ఈపీఎస్‌ను 1.15తో గుణిస్తే సరిపోలుతుంది. రాయితీల వల్ల ముందే తక్కువ కట్టిన కంపెనీకి ఈ గుణకం వాడొద్దు. నివేదికలో అసలు పన్ను శాతం ఎంతో చూసుకోండి.

పెద్ద కంపెనీలు 2016-17 నుంచి ఇండ్ ఏఎస్ అనే కొత్త అకౌంటింగ్ నిబంధనలకు మారాయి. దాన్ని పూర్తిగా సవరించడం బయటివాళ్ల వల్ల కాదు. మార్పు జరిగిన ఏడాది నివేదికలో పాత, కొత్త లాభాల తేడా పట్టిక ఉంటుంది. తేడా కొద్దిపాటిదైతే వదిలేయండి.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. ఇరవై ఏళ్ల కిందటి యంత్రానికి తరుగుదల ఆనాటి ధర మీదే రాస్తారు. పాత మగ్గాలతో నడిచే జనపనార మిల్లు లాభం కాగితం మీద బాగుండొచ్చు, కానీ వాటిని మార్చే రోజు నేటి ధర పెట్టాలి. ఏటా యంత్రాలపై పెట్టిన ఖర్చు తరుగుదలకన్నా ఎప్పుడూ ఎక్కువగా ఉంటే, ఆ తేడాను లాభం నుంచి తగ్గించుకుని చూడండి.

ఒక్క ఏడాది మిగతావన్నీ మింగేస్తే?

మన ఉదాహరణలో 2021-22 ఒక్కటే మొత్తంలో నాలుగో వంతుకు పైగా ఉంది. అలాంటప్పుడు మధ్యగతం కూడా కట్టండి. పది అంకెలను చిన్న నుంచి పెద్దకు పేర్చి, ఐదో ఆరో అంకెల సగటు తీయాలి: 13.30, 13.64, సగటు 13.47. దాంతో 280ని భాగిస్తే 20.8. సగటుతో 17.2, మధ్యగతంతో 20.8. ఆ రెంటి మధ్య ఎక్కడో నిజం ఉంటుంది. మా మాటకొస్తే, అలాంటి శిఖరం మళ్లీ వస్తుందని చెప్పే కారణం చూపలేకపోతే పెద్ద అంకెనే నమ్ముతాం.

వచ్చిన అంకె ఎంతుంటే కొనొచ్చు?

అన్నిటికీ చెల్లే గీత లేదు. ముందు తలకిందులు చేయండి: 1 బై 17.2, అంటే 5.8 శాతం. ఇది ధరల పెరుగుదల పోగా, మీరు పెట్టే ధర మీద కంపెనీ సగటు సంపాదన. దీన్ని బ్యాంకు డిపాజిట్ వడ్డీతో నేరుగా పోల్చకూడదు. 7 శాతం వడ్డీలో 4.5 శాతం ధరల పెరుగుదలకు పోతే మిగిలేది 2.5. ఆ 2.5తో 5.8ని పోల్చాలి. తేడా 3.3 కనబడుతోంది, కానీ డిపాజిట్‌కు లేని కష్టనష్టాలన్నీ షేరుకు ఉన్నాయి. ఫెర్రో అల్లాయ్స్ లాంటి ఊగిసలాట వ్యాపారానికి ఆ తేడా చాలదని మా అభిప్రాయం. ఆ తర్వాత అదే కంపెనీ పాత కేప్‌లతోనూ, అదే రంగంలోని మరో రెండు మూడు కంపెనీలతోనూ పోల్చండి. ఉక్కు కంపెనీ కేప్‌ను సబ్బుల కంపెనీ కేప్‌తో పోలిస్తే ఏమీ తేలదు.

వేగంగా పెరిగే కంపెనీకి ఇది పనికొస్తుందా?

సరిగా పనికిరాదు. ధరల పెరుగుదల పోగా ఏటా 15 శాతం పెరుగుతున్న కంపెనీకి పదేళ్ల సగటు, తాజా లాభంలో 58 శాతమే ఉంటుంది. పీఈ 30 అయితే కేప్ 52 వస్తుంది. అది ఖరీదు అని కాదు, లెక్క వెనక్కి చూస్తోందంతే. ఏటా 3 శాతమే పెరిగే కంపెనీకి పీఈ 20 ఉంటే కేప్ 23 లోపే. కేప్‌కు, పీఈకి తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడండి: పెరుగుదల వల్లా, ఈ ఏడాది లాభం మామూలుకన్నా ఎక్కువ రావడం వల్లా? రెండో కారణమైతేనే హెచ్చరిక.

బ్యాంకులు, విలీనమైన కంపెనీల సంగతి?

మన జిల్లాల్లో చాలామంది దగ్గర ఉండిన ఆంధ్రా బ్యాంకు షేర్లు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాయి, 1,000 షేర్లకు 325 చొప్పున. ఇప్పుడు యూనియన్ బ్యాంకు పదేళ్ల ఈపీఎస్ తీస్తే, 2020కి ముందువి ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు లేని సంస్థవి. రెండు వేర్వేరు తోటల కాపు కలిపి సగటు తీసినట్టు అవుతుంది. ఇలాంటి చోట విలీనం తర్వాతి ఏళ్లు మాత్రమే తీసుకుని, ఎన్నేళ్ల సగటో పక్కన రాసుకోండి. బ్యాంకులకు పుస్తక విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది), మొండి బకాయిలే ముందు చూడాలి. కేప్ తర్వాత.

పదేళ్ల చరిత్ర లేని కంపెనీకి?

ఏడేళ్లు ఉంటే కట్టొచ్చు. ఐపీఓ పత్రంలో మూడేళ్ల లెక్కలే ఉంటాయి, వాటితో కట్టొద్దు. కంపెనీ పాతదై, లిస్టింగే కొత్తదైతే కంపెనీ వ్యవహారాల శాఖ సైటులో 100 రూపాయలు కట్టి పాత బ్యాలెన్స్ షీట్లు చూడొచ్చు.

కేప్ ఎక్కువుంటే షేరు పడిపోతుందా?

ఎప్పుడు పడుతుందో ఇది చెప్పదు. అమెరికా మార్కెట్ కేప్ 1996 చివరికే 25 దాటి ఉంది. మార్కెట్ 2000 మార్చి దాకా పెరుగుతూనే పోయింది. 1999 డిసెంబరులో కేప్ 44కు చేరింది. 1996లో అమ్మేసినవాళ్లు మూడేళ్లకు పైగా చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఇది ధర ఎంత పెట్టొచ్చో చెప్పే లెక్క, ఎప్పుడు కొనాలో అమ్మాలో చెప్పే గడియారం కాదు.

ఈ లెక్క ఎన్నాళ్లకోసారి తిరగెయ్యాలి?

ఏడాదికోసారి, మే నెలాఖరుకు మార్చి ఫలితాలు వచ్చాక. కొత్త ఏడాది చేరుస్తూ పాత ఏడాది తీసేస్తారు కాబట్టి, కంపెనీలో ఏ మార్పూ లేకపోయినా అంకె కదులుతుంది. మన ఉదాహరణలో వచ్చే ఏడు 2015-16 నాటి 3.09 పోయి మళ్లీ 10 వచ్చిందనుకోండి. ధరల పెరుగుదల పక్కన పెడితే సగటు 16.27 నుంచి 16.96కు పెరిగి, అదే 280 ధరకు కేప్ 16.5కు దిగుతుంది. షేరు చౌక కాలేదు, చెడ్డ ఏడాది ఒకటి లెక్కలోంచి జారిపోయిందంతే. అందుకే షీట్‌లో తీసేసిన ఏళ్లను చెరపకుండా కింద వేరే రంగులో ఉంచుకోండి.

కంపెనీ అప్పు ఎంతుందో కూడా ఐదో వరుసలో రాసుకోండి. సగటు లాభం అదే ఉండి అప్పు రెండింతలైతే పాత కేప్‌తో కొత్త కేప్‌ను పోల్చలేరు, ఎందుకంటే వడ్డీ భారం రాబోయే ఏళ్లలో పడబోతోంది.